ఆరు గంటల ఊరు

దానా పాప కాలేజీ నుంచి ఒక కాగితం తెచ్చుకునింది.
"మీ ఊళ్లో నీకు ఇష్టమైన చోట్లు చెప్పు" అనింది అరబ్బీలో.
మా ఊరంటే పెనగలూరు అనుకొని
చెయ్యేటి ఇసక కాడ మొదలుపెట్టబోయినా.
"అది కాదు. ఈ ఊరు."
పెన్ను మూత నోట్లో పెట్టుకునింది.
చిన్నప్పటి అలవాటు. ఎన్నిసార్లు లాగేసినానో.

ఈ ఊరా?
ఇరవై రెండేండ్లు, నెలకొక శుక్కురారం,
పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా.
నాది ఆరు గంటల ఊరు.
దీపాలు పెట్టినాక అదెట్లుంటాదో నాకు తెలీదు.
రాసుకో, అది కూడా.

మొదట బస్సు. బస్సు ఒక చోటేనా అంటావు.
డ్రైవరు వెనక మూడో సీటు, కుడిపక్క కిటికీ.
సముద్రం నా పక్కనే నడిచొస్తాది
పెండ్లికి పోతా దారిలో కలిసిన చుట్టం మాదిరి.
సూదులకు గుచ్చిన ఆ నీలి గుండ్ల గోపురాలు
ఇంతయి, అంతయి, మళ్లా ఇంతయిపోతాయి.
పైకెక్కినావా అని అడగొద్దు.
కింద నుంచి చూస్తే టిక్కెట్టు లేదు.

మాలియాలో ఫోన్ల అంగడి పక్కన మెట్లు.
ఏడు. నాలుగోది నాది.
పుల్లంపేట ఈశ్వరమ్మ, కోడూరు షంషాద్,
రాజోలు మేరీరత్నం, ఆమె మాట పాట లాగుంటాది.
ఆడ తెలుగు గట్టిగా మాట్లాడుకోవచ్చు.
నెలంతా గొంతులో మడిచి పెట్టుకున్నది
దులిపి ఆరేసుకోవచ్చు.
నిరుడు రెండో మెట్టు ఆమె రాలేదు.
ఏమైందో ఎవరికీ తెలీదు, ఫోను పలకలేదు.
నాలుగు నెలలు ఆ మెట్టు అట్లే ఖాళీగా వదిలేసినాం.
అయిదో నెల ఒక శ్రీలంక పిల్ల తెలీక కూచునింది.
లేపబుద్ధి కాలా.

షర్క్‌లో చేపల మార్కెట్టు. కొనేదానికి కాదు.
మన వంటింటికొచ్చేది నోరు మూసుకున్న చేప.
ఆడ ఇంకా ఏందో చెప్పబోతా ఉంటాది.
బయట పడవలు, డీజిలు కంపు,
అమీరుకన్నా నిమ్మళంగా పడుకున్న పిల్లులు.
ఈజిప్టు ముసలాయన ఒకడు నా అరబ్బీ విని
"ఏ ఇంట్లో పెరిగినావమ్మా?" అని అడిగినాడు.
పెరగలేదయ్యా, పెంచినా, అని చెప్పినా.

(పాప తలెత్తింది. మళ్లా వంచుకునింది.)

ముబారకియాలో అత్తర్ల సందు.
సీసా ఎప్పుడూ కొనలా. ముంజేతి మీద రుద్దించుకుంటా,
ఎడమకొకటి, కుడికొకటి,
మోచేతి కాడ ఊదు.
ఇంటికొచ్చి రాత్రి వంట మొదలుపెడతానే
ఉల్లిపాయే గెలుస్తాది.

ఇంకొక చోటుండాది, కానీ లేదు.
మట్టి రంగు పాత మేడ, దాని గోడకొక చల్లనీళ్ల కొళాయి.
ఎవరో పోయినోళ్ల పేరు మీద పెట్టించింది.
ఆ పేరు చదవడం నాకు రాదు,
నీళ్లు మాత్రం ఏండ్ల తరబడి తాగినా.
మేడ కొట్టేసినారు. ఇప్పుడాడ కార్లు నిలబెడతారు.
అయినా ఆ మూలకు పోతానే
దప్పికవుతాది.

పాప రాయడం ఆపేసింది.
"బస్సు యాడ ఆగుతాది?"

ఈ ఊళ్లోనే పుట్టిన పిల్ల. నా చేతుల్లో నడక నేర్చిన పిల్ల.
మన సందు మలుపులోనే తల్లీ.
నీ కారు రోజూ దాన్ని దాటుకొనే పోతాంది.

"వచ్చే శుక్కురారం నేనూ వస్తా."

రా. చిల్లర పెట్టుకో,
డ్రైవరు పెద్ద నోటు తీసుకోడు.
ఎండకు తలమీద గుడ్డ కప్పుకో.
మెట్ల మీద నీకు యాడన్నా చోటిస్తారు,
మావోళ్లు మంచోళ్లే.

నాలుగో మెట్టు మాత్రం అడగొద్దు.